డెట్రాయిట్‌లో దుకాణం ఒకరిది, గోడలు ఇంకొకరివి

అమెరికాలో మోటార్ల నగరంగా పేరున్న డెట్రాయిట్ గురించి రెండు రకాల వార్తలు కనిపిస్తుంటాయి. ఒకటి శిథిలాల ఫొటోలతో వస్తుంది. రెండోది ‘నగరం మళ్లీ లేచింది’ అంటుంది. 2024 మేలో అమెరికా జనగణన సంస్థ విడుదల చేసిన అంచనాలు రెండో రకానికి బలం ఇచ్చాయి. 2023 జులై నాటికి నగర జనాభా 6,33,218. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే పెరుగుదల రెండు వేల లోపే. అయినా 1957 తర్వాత జనాభా పెరగడం ఇదే మొదటిసారని నగర పాలకులు సంబరపడ్డారు. ఆ మరుసటి నెలలో, 2024 జూన్‌లో, దశాబ్దాలుగా పాడుపడి ఉన్న మిషిగన్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌ను ఫోర్డ్ కంపెనీ బాగుచేసి తెరిచింది.

లేచింది నగరమా, నగరంలో కొంత భాగమా అన్నది అసలు ప్రశ్న. డెట్రాయిట్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా ఆఫ్రికన్ అమెరికన్లే. కాబట్టి ఆ పేటల్లోని మంగలి షాపులు, బేకరీలు, చిన్న రెస్టారెంట్లు, కాంట్రాక్టర్ల సంగతి తెలియకుండా దీనికి జవాబు దొరకదు.

క్లుప్తంగా

డెట్రాయిట్‌లో నల్లజాతివారి వ్యాపారాలకు నూరేళ్లకు పైగా చరిత్ర ఉంది. అవి దెబ్బతిన్నది చొరవ లేక కాదు. ఫ్యాక్టరీ జీతాలు పోయాయి, రహదారుల కోసం పేటలనే లేపేశారు, పన్ను బకాయిల కింద వేసిన వేలాల్లో ఇళ్లు పోయాయి. ఇప్పుడు కొత్త దుకాణాలు వస్తున్నా వాటిలో చాలావరకు అద్దె గదుల్లోనే నడుస్తున్నాయి. కట్టడం ఎవరి పేరు మీద ఉందన్న దాన్నిబట్టే పేట నిలదొక్కుకోవడం ఆధారపడి ఉంది.

జీతం డబ్బు తిరిగిన వీధి

1914లో ఫోర్డ్ రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించింది. దక్షిణాది పత్తి పొలాల నుంచి, అక్కడి వివక్ష నుంచి బయటపడాలనుకున్న నల్లజాతి కుటుంబాలకు ఉత్తరాది ఫ్యాక్టరీ నగరాలు దారి చూపించాయి. డెట్రాయిట్‌లో వారి సంఖ్య 1910లో ఆరు వేలలోపు ఉండేది. 1930 కల్లా లక్షా ఇరవై వేలకు చేరింది.

వచ్చినవారికి ఇల్లు ఎక్కడ పడితే అక్కడ దొరకలేదు. నగరం తూర్పు వైపున ఉన్న బ్లాక్ బాటమ్, దాన్ని ఆనుకున్న ప్యారడైజ్ వ్యాలీ మాత్రమే మిగిలాయి. బ్లాక్ బాటమ్ అన్న పేరు మనుషుల రంగును బట్టి వచ్చింది కాదు. అక్కడి నల్లరేగడి లాంటి సారవంతమైన నేలను చూసి తొలినాటి ఫ్రెంచి రైతులు పెట్టిన పేరది. హేస్టింగ్స్ వీధి ఈ పేటలకు బజారు. మందుల షాపులు, హోటళ్లు, డాక్టర్ల క్లినిక్‌లు, అంత్యక్రియల సంస్థలు, జాజ్ క్లబ్బులు కలిపి వందలాది వ్యాపారాలు అక్కడ నడిచాయి. తెల్లవారి దుకాణాల్లో మర్యాద దక్కని జనానికి ఆ వీధే దిక్కు. వివక్ష వల్ల వారి కొనుగోళ్లు బయటికి పోలేదు. ఫ్యాక్టరీలో వచ్చిన జీతం అదే వీధిలో నాలుగు చేతులు మారేది.

దీన్ని ఒక పద్ధతిలో పెట్టింది ఆడవాళ్లు. 1930లో ఫ్యానీ పెక్ యాభై మందితో హౌస్‌వైవ్స్ లీగ్ ప్రారంభించారు. నల్లజాతివారి దుకాణాల్లోనే కొంటామని, తమవారికి ఉద్యోగం ఇచ్చే షాపులకే వెళతామని సభ్యులు మాట ఇచ్చేవారు. కొన్నేళ్లలో సభ్యత్వం పది వేలకు చేరింది. ఆమె భర్త, పాస్టర్ విలియం పెక్ అదే ఏడాది బుకర్ టి. వాషింగ్టన్ ట్రేడ్ అసోసియేషన్ పేరుతో వ్యాపారుల సంఘం పెట్టారు. అంటే కొనేవారి సంఘం, అమ్మేవారి సంఘం ఒకే ఇంట్లో పుట్టాయి. మహా మాంద్యం నడుస్తున్న రోజుల్లో ఈ ఏర్పాటు చాలా దుకాణాలను కాపాడింది.

పెట్టుబడి సంగతి వేరు. బ్యాంకులు అప్పు ఇవ్వవు. ఆ ఖాళీని కొంతవరకు ‘నంబర్స్’ ఆట నిర్వాహకులు పూరించారు. మన మట్కా లాంటిదే ఇది. చట్టవిరుద్ధమే, కానీ చేతిలో నగదు ఉన్నవారు వాళ్లే. బాక్సర్ జో లూయీకి తొలినాళ్లలో డబ్బు పెట్టిన జాన్ రాక్స్‌బరో ఈ ఆట నడిపినవారే. బ్యాంకు తలుపు మూసుకుంటే అప్పు ఆగిపోదు, అది వేరే తలుపు వెతుక్కుంటుందని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

గీత గీసిన మ్యాపులు

1930ల్లో ఫెడరల్ సంస్థలు నగరాల మ్యాపులు గీసి, ఏ పేటలో ఇంటి అప్పు ఇస్తే ముప్పో రంగులతో గుర్తు పెట్టాయి. నల్లజాతివారున్న పేటలు ఎరుపు. ఎరుపు పేటలో ఇంటికి ప్రభుత్వ పూచీ ఉన్న అప్పు రాదు. 1941లో డెట్రాయిట్ ఎనిమిదో మైలు రోడ్డు దగ్గర ఒక బిల్డర్ తెల్లవారికోసం ఇళ్లు కడదామనుకుంటే, పక్కనే నల్లజాతి కుటుంబాలున్నాయని అప్పుకు పూచీ దొరకలేదు. రెండు పేటల మధ్య అర మైలు పొడవున, ఆరడుగుల ఎత్తున గోడ కట్టాక దొరికింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

వ్యాపారానికీ దీనికీ సంబంధం ఏమిటంటే, అమెరికాలో చిన్న వ్యాపారి మొదటి పెట్టుబడి తరచూ సొంత ఇంటి విలువ నుంచే వస్తుంది. ఇల్లు తనఖా పెట్టి షాపు తెరుస్తారు. అప్పు పుట్టక ఇల్లు కొనలేనివారికి, కొన్నా దాని విలువ పెరగనివారికి ఆ దారి మూసుకుపోయినట్టే. 2022లో ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం తెల్లవారి కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900 డాలర్లు. ఆరు రెట్ల తేడా.

రోడ్డు కింద పోయిన బజారు

1950లో డెట్రాయిట్ జనాభా 18,49,568. అదే శిఖరం. అప్పటికే ఫ్యాక్టరీలు కదలడం మొదలైంది. కొత్త ప్లాంట్లకు ఒకే అంతస్తు, విశాలమైన స్థలం కావాలి. అది శివార్లలోనో, వేరే రాష్ట్రాల్లోనో దొరుకుతుంది. ఆటోమేషన్ దానికి తోడైంది. 1947 నుంచి 1963 మధ్య నగరంలో సుమారు 1,34,000 తయారీ ఉద్యోగాలు పోయాయి. డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ కార్ల ఉత్పత్తి 1956లో ఆగిపోయింది. చివర చేరినవారిని ముందు తీసేస్తారు కాబట్టి దెబ్బ మొదట నల్లజాతి కార్మికులకే తగిలింది. డెట్రాయిట్ పతనం 1967 అల్లర్లతో మొదలైందని చాలామంది అనుకుంటారు. తేదీలు చూస్తే అది నిలవదు. అల్లర్ల నాటికే ఆ నగరం పదిహేనేళ్లుగా ఉద్యోగాలు పోగొట్టుకుంటూ ఉంది.

జీతాలు తగ్గుతున్న సమయంలోనే బజారు కూడా పోయింది. 1950ల మొదట్లో ‘మురికివాడల తొలగింపు’ కింద బ్లాక్ బాటమ్‌ను పడగొట్టడం మొదలైంది. తర్వాత హేస్టింగ్స్ వీధి మీదుగా క్రిస్లర్ ఫ్రీవే వేశారు. దాని చివరి ముక్క ఐ-375 పొడవు మైలు మాత్రమే, 1964లో తెరుచుకుంది. పడగొట్టిన చోట కొన్నేళ్లు ఏమీ కట్టలేదు, పిచ్చిమొక్కలు మొలిచాయి. ఆ తర్వాత లాఫయెట్ పార్క్ అనే కొత్త నివాస సముదాయం వచ్చింది. అక్కడి అద్దెలు పాత నివాసుల చేతికి అందేవి కావు. ఇది ఒక్క డెట్రాయిట్ కథ కాదు. మయామీలో ఓవర్‌టౌన్, సెయింట్ పాల్‌లో రోండో, డర్హమ్‌లో హేటీ కూడా ఇలాగే రహదారుల కింద పోయాయి.

పరిహారం లెక్కలోనే అసలు నష్టం ఉంది. హేస్టింగ్స్ వీధి వ్యాపారుల్లో చాలామంది అద్దెదార్లు. పరిహారం మాత్రం భవన యజమానికి వెళ్లింది. ఖాళీ చేసినవారిని ఆదుకోవడానికి దేశమంతటికీ ఒక గట్టి చట్టం వచ్చింది 1970లో, అంటే వీధి లేకుండా పోయాక. ఇరవై ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న ఖాతాదారులకు, వీధి మలుపులో ఉన్న చోటుకు, పేరుకు ఎవరూ విలువ కట్టలేదు.

సొంత కట్టడం ఉన్నంత మాత్రాన రక్షణ దొరికిందని కూడా చెప్పలేం. గోథమ్ హోటల్‌ను 1943లో జాన్ వైట్ అనే నల్లజాతి వ్యాపారి, ఆయన భాగస్వాములు కొన్నారు. దేశంలో నల్లజాతివారికి దొరికే మంచి హోటళ్లలో అదొకటిగా పేరు తెచ్చుకుంది. 1962లో అక్కడ నంబర్స్ ఆట మీద పెద్ద దాడి జరిగింది, ఆ మరుసటి ఏడాదే కట్టడాన్ని కూల్చేశారు. హోటల్ ఉన్న చోటు అప్పటికే పట్టణ పునర్నిర్మాణ ప్రణాళికలో ఉంది.

జో వాన్ బ్యాటిల్ కథ ఈ మొత్తాన్ని ఒక్క షాపులో చూపిస్తుంది. 1945లో ఆయన హేస్టింగ్స్ వీధిలో రికార్డుల షాపు తెరిచారు. వెనక గదిలోనే బ్లూస్ పాటలు రికార్డు చేసేవారు. పాస్టర్ సి.ఎల్. ఫ్రాంక్లిన్ ప్రసంగాలను, తర్వాత ప్రసిద్ధ గాయని అయిన ఆయన కూతురు అరీతా టీనేజిలో పాడిన భక్తి గీతాలను మొదట రికార్డు చేసి అమ్మింది ఆయనే. రహదారి వస్తుందని 1960లో షాపును 12వ వీధికి మార్చారు. హేస్టింగ్స్ నుంచి లేచిన మరికొందరూ అక్కడికే వెళ్లారు. 1967 జులైలో అల్లర్లు మొదలైంది ఆ 12వ వీధిలోనే. అయిదు రోజుల్లో 43 మంది చనిపోయారు, రెండు వేలకు పైగా కట్టడాలు దెబ్బతిన్నాయి. వాన్ బ్యాటిల్ షాపు, అందులోని టేపులు, రికార్డులు పోయాయి. ఆయన మళ్లీ షాపు తెరవలేదు.

ఇంటి చీటీతో మొదలైన కంపెనీ

దీనికి పక్కనే పెట్టి చూడాల్సింది మోటౌన్ అనే రికార్డుల కంపెనీ. 1959లో బెర్రీ గోర్డీ తన కుటుంబం నడిపే పొదుపు నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకున్నారు. ఇంట్లోవాళ్లంతా నెలనెలా కొంత వేసి, అవసరమైనవారికి అప్పిచ్చే నిధి అది. చీటీలు తెలిసిన మన పాఠకులకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. తెలియని విషయం ఏమిటంటే, కొన్నేళ్లలోనే ఆ నిధి ఊతమిచ్చిన సంస్థ ప్రపంచమంతా వినే పాటలు తయారుచేసింది. అదే ఏడాది గోర్డీ వెస్ట్ గ్రాండ్ బౌలవార్డ్‌లో ఒక ఇల్లు కొన్నారు. కింద స్టూడియో, పైన కాపురం. అద్దె పెంచేవాడు, ఖాళీ చేయమనేవాడు లేడు. కంపెనీ పెరిగినకొద్దీ పక్క ఇళ్లు కూడా కొంటూ పోయారు.

1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. ఉద్యోగాలు వెళ్లిపోయినా ఇల్లు మిగిలింది. ఇప్పుడది మ్యూజియం, పర్యాటకులు వరుస కట్టే చోటు. హేస్టింగ్స్ వీధి సంగీతానికి అలా మిగిలిన గోడ లేదు.

మేయర్ మారాక

1973లో కోల్‌మన్ యంగ్ డెట్రాయిట్‌కు తొలి నల్లజాతి మేయర్‌గా ఎన్నికయ్యారు. ఆయన పాలనలో నగర కాంట్రాక్టుల్లో నల్లజాతివారి సంస్థలకు చోటు పెరిగింది. ఆటో కంపెనీలు కూడా మైనారిటీ సప్లయర్లను తీసుకోవడం మొదలుపెట్టాయి. బాస్కెట్‌బాల్ ఆటగాడు డేవ్ బింగ్ 1980లో పెట్టిన బింగ్ స్టీల్ ఆ దారిలో పెరిగిందే. ఆయన తర్వాత మేయర్ కూడా అయ్యారు.

పేట దుకాణానికీ ఈ సప్లయర్లకూ తేడా గమనించాలి. సప్లయర్ కంపెనీ వందల మందికి పని ఇవ్వగలదు, కానీ దాని బతుకు రెండు మూడు పెద్ద కంపెనీల ఆర్డర్ల మీద ఉంటుంది. దుకాణం పదిమందికి కూడా పని ఇవ్వదు, దాని బతుకు చుట్టూ ఉన్న ఇళ్ల మీద ఉంటుంది. ఒకటి కార్ల అమ్మకాలు పడితే కుంగుతుంది, రెండోది పేట ఖాళీ అయితే కుంగుతుంది. డెట్రాయిట్‌లో రెండూ జరిగాయి.

నగరం విస్తీర్ణం 139 చదరపు మైళ్లు. 1950లో చదరపు మైలుకు 13 వేల మందికి పైగా ఉంటే, 2020లో 4,600 మంది. అదే మూల మీద అదే షాపు పెడితే నడిచి వచ్చే జనం మూడో వంతే. కిరాణా వ్యాపారంలో ఈ ఖాళీని ఎక్కువగా ఇరాక్ నుంచి వచ్చిన కల్దీయ క్రైస్తవ కుటుంబాలు నింపాయి. బంధువుల దగ్గర వడ్డీ లేకుండా అప్పు, హోల్‌సేల్ సరుకులో పరస్పర సాయం వారికి ఉన్నాయి. నల్లజాతివారిలో అలాంటి నిధులు లేవని కాదు. గోర్డీ కుటుంబమే సాక్ష్యం. కానీ ఒకే తరంలో జీతం, ఇంటి విలువ, బజారు మూడూ పోయిన సమాజంలో ఆ నిధిలో వేయడానికి మిగిలేది తక్కువ.

వేలంలో ఇళ్లు

2008 సంక్షోభంలో ఇళ్ల ధరలు కూలిపోయాయి. ఇంటి పన్ను లెక్కగట్టే విలువ మార్కెట్ ధరలో సగం దాటకూడదని మిషిగన్ రాజ్యాంగం చెబుతుంది. డెట్రాయిట్‌లో ధరలు పడినా పన్ను విలువలు దానికి తగ్గట్టు దించలేదు. నగరమంతటా కొత్తగా విలువ కట్టడం పూర్తయింది 2017లో. ఈ మధ్యలో, 2010 నుంచి 2016 వరకు, ఇంటి యజమానుల నుంచి కనీసం 60 కోట్ల డాలర్లు అదనంగా వసూలైందని ఒక స్థానిక పత్రిక లెక్క తేల్చింది. మూడేళ్లు బకాయి పడితే కౌంటీ ఇంటిని వేలం వేస్తుంది. రెండో విడత వేలం 500 డాలర్ల నుంచి మొదలయ్యేది. అదే సమయంలో, 2013 జులైలో, సుమారు 1,800 కోట్ల డాలర్ల అప్పులతో నగరమే దివాలా పిటిషన్ వేసింది.

సొంత ఇళ్లు ఎక్కువగా ఉండే నల్లజాతి నగరంగా డెట్రాయిట్‌కు పేరుండేది. ఈ వేలాల తర్వాత అద్దెకుండేవారు సగం దాటారు. తనఖా పెట్టడానికి ఇల్లు లేదు, షాపుకు వచ్చే పొరుగువారు లేరు. ఇవి రెండు నష్టాలుగా కనిపిస్తాయి కానీ రెంటికీ కారణం ఆ వేలమే.

వేల సంస్థలు, కొద్ది ఉద్యోగాలు

నల్లజాతివారిలో వ్యాపార స్పృహ తక్కువన్న మాట తరచూ వినిపిస్తుంది. 2012 నాటి ప్రభుత్వ సర్వేలో డెట్రాయిట్‌లో 61 వేలకు పైగా సంస్థలుంటే వాటిలో 50 వేలకు పైగా మైనారిటీల చేతిలోనే ఉన్నాయి. స్పృహ లేని చోట ఇన్ని పుట్టవు. అయితే చాలావరకు యజమాని ఒక్కరే పనిచేసే సంస్థలు. జుట్టు అల్లకం, క్యాటరింగ్, ఇళ్ల మరమ్మతు, పిల్లల సంరక్షణ లాంటివి. దేశం మొత్తం మీద కూడా ఉద్యోగులున్న సంస్థల్లో నల్లజాతివారివి 3 శాతం దగ్గరే ఆగాయి.

మొదటి ఉద్యోగిని పెట్టుకోవాలంటే చాలాసార్లు ఇంటి వంటగది నుంచి వీధి మీది గదికి రావాలి. అక్కడే అడ్డం పడుతుంది. పాత షాపును బాగుచేయడానికి 3 లక్షల డాలర్లు కావాలనుకుందాం. బాగుచేశాక దాని మార్కెట్ విలువ, చుట్టూ ఖాళీ స్థలాలుండటం వల్ల, లక్షన్నరే అని తేలుతుంది. బ్యాంకు ఆ లక్షన్నరను చూసే అప్పు ఇస్తుంది. మిగతాది ఎవరో ఒకరు ఉచితంగానో, తక్కువ వడ్డీకో పెట్టకపోతే ఆ గది అలాగే ఉంటుంది. ఇందులో బ్యాంకు మేనేజర్‌కు వివక్ష ఉండాల్సిన పని కూడా లేదు. పాత వివక్ష ధరలోనే దాక్కుని ఉంది.

2015లో మొదలైన మోటార్ సిటీ మ్యాచ్ ఈ తేడాను పూడ్చడానికి పెట్టిందే. మూడు నెలలకోసారి 5 లక్షల డాలర్లు గ్రాంట్లుగా ఇస్తూ, ఖాళీ షాపులను వ్యాపారులతో కలిపే పథకం. అదే ఏడాది జేపీ మోర్గాన్ చేజ్, కెలాగ్ ఫౌండేషన్ కలిసి నల్లజాతి, ఇతర మైనారిటీ వ్యాపారులకు అప్పులిచ్చే ప్రత్యేక నిధి ప్రారంభించాయి. నగరంలో నల్లజాతివారి యాజమాన్యంలో ఉన్న ఫస్ట్ ఇండిపెండెన్స్ బ్యాంకు 1970 నుంచి నడుస్తోంది.

ఒక చిక్కు చట్టంలో ఉంది. 2006లో మిషిగన్ ఓటర్లు ప్రభుత్వ కాంట్రాక్టుల్లో జాతి ఆధారంగా ప్రాధాన్యం ఇవ్వకూడదని తీర్మానించారు. అందుకే నగరం ‘నల్లజాతి సంస్థ’ అనకుండా ‘డెట్రాయిట్ సంస్థ’, ‘డెట్రాయిట్ నివాసి’ అంటుంది. పథకాలన్నీ ఊరిని బట్టే నడుస్తాయి. ఊళ్లో ఎక్కువమంది నల్లజాతివారే కాబట్టి ఫలితం ఇంచుమించు అక్కడికే చేరుతుంది. ఊళ్లో జనాభా మారితే మాత్రం ఆ లెక్క మారిపోతుంది.

లివర్నాయ్ వీధి, డౌన్‌టౌన్

నగరం వాయవ్యాన ఉన్న లివర్నాయ్‌ను అవెన్యూ ఆఫ్ ఫ్యాషన్ అంటారు. ఒకప్పుడు బట్టల షాపులకు పేరు. చుట్టూ నల్లజాతి మధ్యతరగతి పేటలు ఉండటంతో ఈ వీధి పూర్తిగా పోలేదు. 1934 నాటి బేకర్స్ కీబోర్డ్ లాంజ్ అనే జాజ్ క్లబ్బు ఇప్పటికీ అక్కడే ఉంది. 2019లో నగరం ఈ వీధిని కాలిబాటలు, సైకిల్ దారులతో తిరగకట్టింది. పని నడిచిన నెలల్లో కస్టమర్లు రాలేక చాలా షాపుల అమ్మకాలు పడిపోయాయి. మంచికోసం చేసిన పనే, కానీ చేతిలో రెండు నెలల ఖర్చుకు కూడా డబ్బు లేని షాపుకు రోడ్డు తవ్వడమూ ప్రమాదమే.

డౌన్‌టౌన్ లెక్క వేరు. 2010లో డాన్ గిల్బర్ట్ తన ఇంటి అప్పుల కంపెనీని అక్కడికి తెచ్చి, తర్వాత వంద దాకా కట్టడాలు కొన్నారు. ఇన్ని కట్టడాలు ఒకే చేతిలో ఉంటే నాలుగేళ్లు నష్టానికైనా ఆగవచ్చు. విలువ పెరిగినప్పుడు ఆ పెరుగుదలంతా యజమానిదే. లివర్నాయ్‌లో వీధికి పేరు తెచ్చేది బేకరీ, కానీ ఆ పేరు వల్ల పెరిగే అద్దె బేకరీ యజమానే కట్టాలి.

మన వాళ్ల విషయం ఇక్కడ ఒక మాట. ‘మేం డెట్రాయిట్‌లో ఉంటాం’ అనే తెలుగువారిలో చాలామంది ఉండేది నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. 2025 తానా మహాసభలు జరిగింది కూడా నోవైలోనే. నగరం నుంచి కదిలిపోయిన ఉద్యోగాలు, పన్నులు చేరింది ఇలాంటి శివార్లకే. ఆ ఊళ్ల నుంచి చూస్తే డెట్రాయిట్ కథ సగమే కనిపిస్తుంది.

ఉమ్మడిగా కొన్న గోడలు

యాజమాన్యం సమస్యకు ఒక జవాబు సహకార పద్ధతిలో వచ్చింది. 2006లో మొదలైన డెట్రాయిట్ బ్లాక్ కమ్యూనిటీ ఫుడ్ సెక్యూరిటీ నెట్‌వర్క్ ముందు రూజ్ పార్కులో డి-టౌన్ ఫామ్ పేరుతో కూరగాయలు పండించింది. తర్వాత కిరాణా దుకాణం కోసం ఏళ్ల తరబడి సభ్యులను చేర్చింది. 2024 మేలో వుడ్‌వర్డ్ అవెన్యూలో డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కోఆప్ తెరుచుకుంది. దుకాణం సభ్యులది. అది ఉన్న కట్టడంలో ఆ నెట్‌వర్క్‌కు వాటా ఉంది. హౌస్‌వైవ్స్ లీగ్ కొనేవారిని కూడగట్టింది, ఇక్కడ కొనేవారే యజమానులు. అయితే కిరాణాలో లాభం చాలా సన్నం, పెద్ద గొలుసు దుకాణాల ధరతో పోటీ పడాలి. సభ్యులు ప్రారంభోత్సవం తర్వాత కూడా వారం వారం అక్కడే సరుకు కొంటారా లేదా అన్నదే దాని పరీక్ష.

ముందు ఏమిటి

దగ్గర్లో రెండు విషయాలు తేలాలి. కోవిడ్ సాయంగా 2021లో నగరానికి వచ్చిన 82 కోట్లకు పైగా డాలర్లలో కొంత చిన్న వ్యాపారుల గ్రాంట్లకు వెళ్లింది. ఆ నిధులు ఖర్చు చేయడానికి గడువు 2026 చివరి దాకా. తర్వాత ఆ గ్రాంట్లు అదే స్థాయిలో సాగాలంటే నగరం సొంత బడ్జెట్ నుంచి తీయాలి.

రెండోది ఐ-375. ఆ మైలు పొడవు రహదారిని పూడ్చి మామూలు వీధిగా మార్చాలని రాష్ట్రం నిర్ణయించింది. 2022లో ఫెడరల్ ప్రభుత్వం 10 కోట్ల డాలర్లకు పైగా మంజూరు చేసింది. 2025లో ఖర్చు అంచనాలు బాగా పెరగడంతో పని ఆగింది. మళ్లీ మొదలైతే సుమారు 30 ఎకరాలు బయటపడతాయి, డౌన్‌టౌన్ పక్కనే. హేస్టింగ్స్ వ్యాపారుల వారసులు, బ్లాక్ బాటమ్ కుటుంబాలు అందులో వాటా అడుగుతున్నారు. వారిలో చాలామంది తాతలకు ఆ వీధిలో దుకాణం ఉండేది కానీ దస్తావేజు లేదు. భూమి హక్కు లేని నష్టానికి భూమితో పరిహారం ఇచ్చే పద్ధతి ఏదీ ఇంకా ఖరారు కాలేదు.